‘నాకు తెలుసని నీకు తెలుసని నాకు తెలుసు’: మైకులో ఇది పేలుతుందా?

బ్రిస్టల్ నుంచి:

నమస్కారం అండీ. ఇంగ్లండులోని మా ఊళ్ళో తెలుగువాళ్ళం ఉగాదికి పది నిమిషాల శ్రవ్య నాటిక వేస్తున్నాం. వేషాల్లేవు, తెరల్లేవు, మైకులే. ఇక్కడి పాత రేడియో హాస్యం నుంచి ఒక పద్ధతి అరువు తెచ్చుకుందామని నా ఉద్దేశం.

‘రౌండ్ ద హోర్న్’ అని బీబీసీ రేడియోలో, మొదట లైట్ ప్రోగ్రామ్‌లో, చివరి ఏడాది రేడియో టూలో, 1965 నుంచి 1968 వరకు ఆదివారాలు వచ్చేది. రేడియో ఫోర్ ఎక్స్‌ట్రాలో తర్వాత చాలాసార్లు మళ్ళీ వేశారు. రాసింది ముఖ్యంగా బ్యారీ టుక్, మార్టీ ఫెల్డ్‌మన్. మధ్యలో పెద్దమనిషిలా నిలబడి అందరినీ పలకరించేది కెనెత్ హోర్న్. అందులో చార్ల్స్, ఫియోనా అనే జంట ఉంటుంది. హ్యూ ప్యాడిక్, బెట్టీ మార్స్‌డెన్ గొంతులు. నాటకకర్త నోయెల్ కవార్డ్ మార్కు ప్రేమకథల మీద పేరడీ అది. ఆయన కథతో 1945లో వచ్చిన ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ చూసినవాళ్ళకి వెంటనే వెలుగుతుంది. అందులో చెరో చోట పెళ్ళయిన ఇద్దరు రైల్వే స్టేషన్ టీ గదిలో కలుస్తారు, ప్రేమలో పడతారు, మర్యాద తప్పకుండా విడిపోతారు. లోపల గుండె పగిలిపోతున్నా ఉచ్చారణ మాత్రం ఇసుమంత చెదరదు. పేరడీలోనూ అదే బిగింపు, కాకపోతే చెప్పుకోవడానికి ఇద్దరి దగ్గరా ఏమీ ఉండదు. ఆయన ‘ఐ నో’ అంటాడు. ఆవిడ ‘ఐ నో యూ నో’ అంటుంది. ఆయన ‘ఐ నో యూ నో ఐ నో’ అంటాడు. ఈ వరసలో పోతుంది.

నేను రాస్తే ఇలా వచ్చింది:

— నాకు తెలుసు.
— మీకు తెలుసని నాకు తెలుసు.
— నాకు తెలుసని నీకు తెలుసని నాకు తెలుసు.

వ్యాకరణం సరిగ్గానే ఉంది, నవ్వే రావట్లేదు. మూడో వాక్యం లెక్కల పరీక్షలా తయారైంది. తేడా ఎక్కడ కొట్టిందంటారు?

రాజమండ్రి నుంచి:

తప్పు మీది కాదమ్మా, సంధిది. ఇంగ్లీషువాడు ‘ఐ నో’ అనగానే వాక్యం అయిపోయింది. దానికి ‘యూ నో’ తగిలిస్తే మళ్ళీ అయిపోయింది. ఇంకో ‘ఐ నో’ తగిలిస్తే మళ్ళీ. అయిపోయిందనుకున్న ప్రతిసారీ ఇంకొంచెం సాగుతుంది, నవ్వంతా ఆ సాగడంలోనే. తెలుగులో ‘తెలుసని’ అన్న క్షణానే వెనకాల ఇంకేదో వస్తోందని శ్రోతకి అర్థమైపోతుంది. అనుకోనిదేమీ మిగల్లేదు.

ఉత్వసంధి నిత్యమని బళ్ళో చదువుకున్నాం. మీ నాటిక మటుకు దాన్ని కాసేపు బయట కూర్చోబెట్టండి. ఒకే మనిషి చేత ఇలా అనిపించి చూడండి:

నాకు తెలుసు. (ఆగాలి) అని నీకు తెలుసు. (ఆగాలి) అని నాకు తెలుసు.

ఆగిన ప్రతిచోటా వాక్యం ముగిసినట్టే ఉంటుంది. జనం హమ్మయ్య అనుకునే లోపు ‘అని’ వస్తుంది. అసలు ఇంగ్లీషులో లేని సదుపాయం కూడా ఒకటుంది మనకి. ఒకరి వాక్యానికి ఇంకొకరు ‘అని’ తగిలించవచ్చు. ఆయన ‘నాకు తెలుసు’ అంటాడు. ఆవిడ ‘అని నాకు తెలుసు’ అంటుంది. ఆయన ‘అని నాకూ తెలుసు’ అంటాడు. రెండు విడతలయ్యేసరికి ఏ ‘నాకు’ ఎవరిదో వాళ్ళకే తెలియదు.

హైదరాబాద్ నుంచి:

రాజమండ్రి మాష్టారికి రెండు వీరతాళ్ళు. ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పోస్టు పెట్టినావిడ రాసిన ముక్కలో ఆడమనిషి ‘మీకు’ అంది, మగాడు ‘నీకు’ అన్నాడు. కావాలని రాశారా, చెయ్యి దానంతటదే రాసేసిందా? ఇంగ్లీషులో ఇద్దరిదీ ఒకటే ‘యూ’.

మార్చకండి అనే నా సలహా. మన పాత సినిమా ప్రేమల్లో ఆవిడ ‘మీరు’, ఆయన ‘నువ్వు’. ‘ఏమండీ’కి ఎదురుగా ‘ఏమోయ్’. పేరడీ చెయ్యాల్సిన సరుకే అది. ఆకాశవాణిలో ‘సంక్షిప్త శబ్దచిత్రం’ (సినిమాని కుదించి మాటలు, పాటలు వినిపించే కార్యక్రమం) విన్న తరానికి ఆ డైలాగుల ఎత్తుపల్లాలన్నీ బొమ్మ లేకుండానే కంఠతా వచ్చు. గద్గదం ఎక్కడొస్తుందో, వీణ ఎక్కడ మోగుతుందో కూడా తెలుసు. మూలం చెవిలో ఉంటేనే కదా పేరడీ అందేది. మీ నాటిక మధ్యలో ఆవిడ నోరుజారి ఒక్కసారి ‘నువ్వు’ అనాలి, వీణ టక్కున ఆగిపోవాలి, ఆయన వణుకుతూ ‘నువ్వు... నువ్వు అన్నావా?’ అని అడగాలి.

విశాఖ నుంచి:

ఇంత కష్టం ఎందుకండీ, ఇద్దర్నీ శ్రీకాకుళం యాసలో మాట్లాడించండి. గ్యారంటీగా నవ్వుతారు.

టెక్కలి నుంచి:

ఎందుకు నవ్వుతారో కూడా చెప్పండి మరి. మా ఇంట్లో అందరం అలాగే మాట్లాడుకుంటాం, ఒకళ్ళని చూసి ఒకళ్ళం నవ్వుకోం. మన సినిమాల్లో పనివాడికీ, అమాయకుడికీ మా యాస. రౌడీకి ఒకప్పుడు తెలంగాణ, ఆ తర్వాత ఫ్యాక్షనిస్టుకి సీమ. హీరో మాత్రం ‘మామూలు తెలుగు’ మాట్లాడతాడు. ఆ మామూలు తెలుగు ఏ జిల్లాదో అందరికీ తెలుసు. అని నాకూ తెలుసు.

మొదటి పోస్టు మళ్ళీ చదవండి. చార్ల్స్, ఫియోనా మాట్లాడేది పల్లెటూరి ఇంగ్లీషు కాదు. పెద్దింటి ఇంగ్లీషు, బీబీసీ అనౌన్సర్ల ఇంగ్లీషు. ఆ బీబీసీలోనే కూర్చుని ఆ భాషనే ఆడుకున్నారు, అదీ గొప్ప. మనం దాన్ని తెచ్చి యాస మీదకి మళ్ళిస్తే పేరడీని తిరగేసినట్టు అవుతుంది. తెలుగులో చెయ్యాలంటే ‘నా జీవితం మోడువారిన వృక్షం, రాధా’ అనే భాషని పట్టుకోవాలి. దానికి కోపమొచ్చి పోస్టు పెట్టేవాళ్ళు ఎవరూ లేరు కూడా!

విశాఖ నుంచి:

ఒప్పుకున్నాను అన్నా. సరదాగా అన్నాను గానీ, మీరన్నది పాయింటే.

బ్రిస్టల్ నుంచి:

టెక్కలి అన్నయ్య గారన్నది వింటుంటే ఆ షోలోనే ఇంకో జంట గుర్తొచ్చింది. జూలియన్, శాండీ. హ్యూ ప్యాడిక్, కెనెత్ విలియమ్స్ గొంతులు. వీళ్ళు వారానికో కొత్త వ్యాపారం పెడతారు, హోర్న్ గారు ఏమీ ఎరగనట్టు తలుపు తోసుకుని లోపలికి వెళ్తారు. వాళ్ళు మాట్లాడేది ‘పొలారి’ కలిపిన ఇంగ్లీషు. నాటకాలవాళ్ళు, సంతల్లో ఆటలాడేవాళ్ళు, ఓడల్లో పనిచేసేవాళ్ళు, ముఖ్యంగా స్వలింగ ప్రేమికులు తమలో తాము వాడుకున్న గుట్టుమాటలు అవి. ఇటాలియన్ నుంచి ‘బోనా’ అంటే బాగుంది, ‘వాడా’ అంటే చూడు, ‘ఓమీ’ అంటే మగవాడు. ‘ఈక్’ అంటే మొహం. ‘ఫేస్’ అనే మాట అక్షరాలు తిరగేసి, తోక కోస్తే వచ్చింది.

షో మొదలైన 1965లో మగవాళ్ళ మధ్య ఆ సంబంధం ఇంగ్లండులో జైలుకెళ్ళే నేరం. 1967 జూలైలో చట్టం మారాకే ఇంగ్లండు, వేల్స్‌లో 21 ఏళ్ళు నిండినవాళ్ళకి, అదీ నాలుగు గోడల మధ్య, నేరం కాకుండా పోయింది. అలాంటి రోజుల్లో కుటుంబాలు కూర్చుని వినే ఆదివారం కార్యక్రమంలో ఈ ఇద్దరూ హాయిగా కబుర్లు చెప్పారు. మాటలు తెలిసినవాళ్ళు ఒకందుకు, తెలియనివాళ్ళు ఇంకొకందుకు నవ్వారు. ఇది తెలుగులోకి వస్తుందా? నాకైతే ధైర్యం చాలట్లేదు.

వరంగల్ నుంచి:

గుట్టుమాటలంటే మనకు చిన్నప్పటి ‘క భాష’ ఉంది. ‘నేను వస్తా’ అంటే ‘కనేకను కవకస్తా’. కానీ అది పొలారికి సరిపోదు. క భాష పెద్దవాళ్ళకు తెలియకుండా జామకాయలు కోసే పిల్లల కోసం. పొలారి పోలీసులకు తెలియకుండా బతికే మనుషుల కోసం. ఆ బరువు పోతే మిగిలేది వింత శబ్దాలే. వదిలేయడమే మంచిది.

అయితే ఒక ముక్క వకీలుగా నాకు చాలా ఇష్టం. జూలియన్, శాండీ ఒకసారి లాయర్ల ఆఫీసు తెరుస్తారు. పేరు ‘బోనా లా’. 1922-23లో బ్రిటన్ ప్రధానిగా చేసిన బోనర్ లా పేరు మీద ఒక పంచ్ అక్కడే పడింది. హోర్న్ గారు తన కేసు తీసుకుంటారా అని అడిగితే, అది ఏం కేసో చూడాలి, మాకు ఒక క్రిమినల్ ప్రాక్టీసు ఉంది, టైమంతా దానికే పోతుంది అంటారు. ఇది తెలుగులో సగం బతుకుతుంది! మా బార్ రూములో రోజూ వినే మాటే ‘ఆయనది క్రిమినల్ ప్రాక్టీసు’. ‘న్యాయవాద వృత్తి’ అని శుద్ధంగా రాస్తే మాత్రం శ్లేష అక్కడికక్కడే చచ్చిపోతుంది. కాకపోతే ఇంగ్లీషులో ‘ప్రాక్టీసు’కి అలవాటు, ఆచారం అనే అర్థం కూడా ఉంది. రెండో నవ్వు దాని మీదే. మన ‘ప్రాక్టీసు’లో ఆ అర్థం లేదు. మనకి రెండే: వకీలు ప్రాక్టీసు, క్రికెట్ ప్రాక్టీసు.

హైదరాబాద్ నుంచి:

మూలం చెవిలో ఉండాలన్నాను కదా, దానికి ‘గూన్ షో’ అనే పాత బీబీసీ రేడియో హాస్యం కంటే మంచి ఉదాహరణ లేదు. 1954 డిసెంబరులో బీబీసీ టీవీ ఆర్వెల్ నవల ‘నైన్‌టీన్ ఎయిటీ-ఫోర్’ని నాటకంగా వేసింది. దాని మీద పార్లమెంటు దాకా గొడవ. 1955 జనవరి మొదటి వారానికల్లా గూన్లు రేడియోలో ‘1985’ వేసేశారు. నవలలో అందరి మీదా నిఘా పెట్టే నియంత ‘బిగ్ బ్రదర్’కి పక్కన ‘కార్పొరేషన్’ చేర్చారు. పొడి అక్షరాలు చూసుకోండి, బీబీసీ! చిత్రహింసల గదిలో వినిపించేది ఆ బీబీసీ రేడియో కార్యక్రమాలే. తెలుగు పత్రికల్లో ‘పెద్దన్న’ అంటే అమెరికా గుర్తొస్తుంది, ఇంట్లో ‘పెద్దన్న’ అంటే పెళ్ళి ఖర్చులు గుర్తొస్తాయి. పొడి అక్షరాలు కలవవు, భయమూ కలగదు. ఆ షో రాసిన స్పైక్ మిలిగన్ పుట్టింది మన అహ్మద్‌నగర్‌లో, 1918లో. చిన్నతనం పుణెలో, రంగూన్‌లో గడిచింది. చర్చకు సంబంధం లేదు, ఊరికే చెప్పాను.

బ్రిస్టల్ నుంచి:

అందరికీ చాలా థాంక్స్. జూలియన్, శాండీలను ముట్టుకోను. యాస జోలికి పోను. మాష్టారి ‘అని’ని నిన్న రాత్రి మా వాళ్ళతో చదివించాను, మూడో ‘అని’కే పడిపడి నవ్వారు. ‘నువ్వు అన్నావా’ కూడా పెట్టేస్తున్నాను.

ఇంకొక్కటి. అసలు షోలో చార్ల్స్, ఫియోనా జంటను నటించేవాళ్ళకీ వేరే దొంగ పేర్లుంటాయి: బింకీ హకబ్యాక్, డేమ్ సీలియా మోల్‌స్ట్రాంగ్లర్. ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ కథానాయిక సీలియా జాన్సన్ కాబట్టి ఆ సీలియా. మనకి ‘డేమ్’ (ఇక్కడ ఆడవాళ్ళకిచ్చే ‘సర్’ లాంటి బిరుదు) లేదు, ఏం పెట్టమంటారు?

రాజమండ్రి నుంచి:

డేమ్ లేకపోతేనేం, బిరుదులకి కరువా? ‘గద్గద సరస్వతి’ అనండి. ఆయన్ని ‘విషాద విశారద’ చెయ్యండి. ఇద్దరి చేతా మొదట్లోనే శాలువాలు కప్పించండి, రేడియోలో శాలువా ఎలా వినిపిస్తుందని అనౌన్సర్ అడగాలి.

టెక్కలి నుంచి:

చప్పట్లు కొట్టించండి మాష్టారూ. శాలువా చప్పుడు అదే.