లింకు కింద బొమ్మ, వివరం వచ్చేలా పెట్టాలా, వద్దా?

మిద్దెతోట:
ఎనిమిదేళ్లుగా మిద్దె మీద కూరగాయల పెంపకం గురించి తెలుగులో రాస్తున్నాను. చదివేవాళ్లలో ఎక్కువమంది వాట్సాప్ గ్రూపుల నుంచే వస్తారు. మా సైటు పాతది, లింకు పంపితే ఉత్త అడ్రసే కనబడుతుంది. బొమ్మ, శీర్షిక, రెండు లైన్ల వివరం వచ్చేలా ట్యాగులు పెట్టించుకోమని మా అబ్బాయి ఒకటే పోరు. నాకేమో భయం. పోయినేడాది ఒక్క పేజీకి పెట్టి చూశాను. ‘వేపనూనె ఎంత కలపాలి?’ అని శీర్షిక, కింద ‘లీటరు నీటికి 5 మి.లీ.’ అని వివరం. చాలామంది అంతవరకే చదివి ఊరుకున్నారు. సబ్బునీళ్లతో బాగా కలపాలని, ఎండ తగ్గాకే కొట్టాలని పేజీ లోపల రాశాను. ఒకావిడ మిట్టమధ్యాహ్నం కొట్టి, మాడిపోయిన వంగ ఆకుల ఫొటో పంపారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే ట్యాగులు తీసేశాను. మళ్లీ పెట్టమంటారా?

న్యూస్‌డెస్క్:
పెట్టండి. తెలుగులో అడ్రసులున్న సైటుకైతే తప్పదు కూడా. మన లిపిలో ఉన్న లింకు కాపీ చేస్తే ఒక్కో గుర్తు శాతం గుర్తులు, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు కలిసి తొమ్మిది అక్షరాలవుతుంది. ‘తెలుగు’ అన్న మాటే తీసుకోండి. కంప్యూటర్ లెక్కన అందులో ఆరు గుర్తులు: మూడు హల్లులు, మూడు గుణింతాలు. మొత్తం 54 అక్షరాల పొడవు. తెలుగు వికీపీడియా లింకు ఒకటి మీ అమ్మగారికి పంపి చూడండి, వైరస్ అనుకుని డిలీట్ చేసేస్తారు. కింద తెలుగు శీర్షిక కనబడితేనే అది ఫలానా వ్యాసమని తెలిసేది.

మీ వేపనూనె గొడవకి కారణం మీరు రాసిన వివరమండీ. కొలత బయట పెట్టారు, జాగ్రత్త లోపల ఉంచేశారు.

లెక్కల మాస్టారు:
నేను వద్దనే అంటాను. ఆరునెలల కింద మా వీధి గ్రూపులోకి ఒక లింకు వచ్చింది. కింద ప్రభుత్వ ముద్ర, ‘మహిళలకు ఉచిత కుట్టుమిషన్లు, ఈరోజే ఆఖరు’ అని పెద్దక్షరాలు. ఆ బొమ్మ చూసి మా పక్కింటి అమ్మాయి నొక్కింది. ఆధార్ అడిగితే ఇచ్చింది, ఓటీపీ అడిగితే అదీ ఇచ్చింది. 18 వేలు పోయాయి. 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం, డబ్బు ఇంతవరకు రాలేదు. ఉత్త అడ్రసు వచ్చి ఉంటే ఆ పిల్ల ఒక్క నిమిషం ఆగేది.

ఇంకో మాట. 2016లో కొలంబియా యూనివర్సిటీ, ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధకులు ట్విటర్‌లో పంచుకున్న లింకులు పరిశీలిస్తే, 59 శాతం లింకులను ఒక్కరు కూడా తెరవలేదని తేలింది. అసలే తెరవని జనానికి సారం బయటే వడ్డిస్తే ఇక లోపలికి ఎవరొస్తారు?

వెబ్ పని:
మాస్టారూ, ఆ అమ్మాయికి జరిగింది వింటే బాధేసింది. కానీ ఆ ముద్ర అక్కడికి ఎలా వచ్చిందో చూడాలి. 2010లో ఫేస్‌బుక్ ఓపెన్ గ్రాఫ్ అనే పద్ధతి తెచ్చింది. శీర్షిక ఇది, వివరం ఇది, బొమ్మ ఇక్కడుంది అని సైటు యజమాని పేజీ కోడులో రాసిపెడతాడు. యాప్ దాన్ని చదివి అలాగే చూపిస్తుంది, నిజమో కాదో దానికి తెలియదు. లింకు పంచుకునే పేజీలు అక్కడికక్కడ శీర్షిక మార్చేసే వీలు కూడా ఒకప్పుడు ఫేస్‌బుక్‌లో ఉండేది, 2017లో దాన్ని అరికట్టారు. సైటు యజమాని చేతిలో మాత్రం అంతా ఉంది. మోసగాడికి ప్రభుత్వ ముద్ర పెట్టుకోవడం ఎంతసేపు? మిద్దెతోట గారు తన ట్యాగులు తీసేస్తే వాడేమీ తన ట్యాగులు తీసేయడు. చూడాల్సింది లింకు కింద వచ్చే ఆ కార్డులో చిన్నక్షరాల్లో ఉండే సైటు పేరు. ప్రభుత్వానిదైతే చివర మామూలుగా ‘జీవోవీ డాట్ ఇన్’ అనో ‘ఎన్‌ఐసీ డాట్ ఇన్’ అనో ఉంటుంది.

నాకు అంతకన్నా పెద్ద బెంగ ప్రైవసీ. 2020లో తలాల్ హజ్ బక్రీ, టామీ మిస్క్ అనే ఇద్దరు పరిశోధకులు చాలా యాప్‌లు పరీక్షించారు. వాట్సాప్‌లో ప్రివ్యూను, అంటే ఆ కార్డును, పంపేవాళ్ల ఫోనే తయారుచేస్తుంది, అందుకునేవాళ్లకు ఇబ్బంది లేదు. అప్పట్లో కొన్ని యాప్‌లలో మాత్రం అందుకున్న ఫోనే వెళ్లి పేజీ తెచ్చేది. అంటే మనం లింకు నొక్కకముందే మన ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌కు ఉండే నంబరు) ఆ సైటుకు తెలిసిపోయేది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

న్యూస్‌డెస్క్:
మాస్టారి మాటలో ఒకటి నిజం: బొమ్మకు జనం ఇట్టే లొంగుతారు. 2023 అక్టోబరులో ఎక్స్ (పాత ట్విటర్) లింకుల కింద శీర్షిక తీసేసి బొమ్మ, మూలన సైటు పేరు మాత్రం ఉంచింది. అది వార్తో ఉత్త ఫొటోనో తెలిసేది కాదు. కొద్ది వారాలకే చిన్నక్షరాల్లో శీర్షిక మళ్లీ తెచ్చారు. అందుకే శీర్షిక మీద ఎంత కష్టపడినా తప్పులేదంటాను.

మిద్దెతోట:
నిన్న రాత్రి వేపనూనె పేజీకి మళ్లీ రాశాను. శీర్షిక ‘వేపనూనె కొట్టేది సాయంత్రమే’. వివరం ‘సబ్బునీళ్లు లేకుండా కొడితే ఆకులు మాడతాయి. కొలత, కలిపే పద్ధతి లోపల చదవండి.’ బొమ్మ 1200 అడ్డం, 630 నిలువు పెట్టాను. మా అబ్బాయికి పంపితే వాట్సాప్ చిన్న చదరంలో చూపించింది, రెండు పక్కలా తెగి బొమ్మ మీది ‘వేపనూనె’ కాస్తా ‘పనూ’ అయింది. అక్షరాలు తీసేసి, నడిమధ్య వేపకాయల ఫొటో పెట్టాక బాగుంది.

లెక్కల మాస్టారు:
ఆ శీర్షిక బాగుందమ్మా. లోపలికి రాకపోయినా మొక్క చావదు. మీ పేజీ వరకు ఒప్పుకుంటాను. మా గ్రూపులో మాత్రం పథకం లింకు ఏదొచ్చినా, ముందు సైటు పేరు టైపు చేసి పెట్టాకే నొక్కమని చెబుతున్నాను. అది మానను.

మిద్దెతోట:
మానకండి మాస్టారూ. నావి 340 పేజీలున్నాయి. అందులో మందులు, కొలతలు ఉన్నవి 60 దాకా తేలాయి. వాటికి నేనే కూర్చుని వివరం రాస్తాను. మిగతావాటికి శీర్షిక, ఫొటో చాలని మా అబ్బాయికి చెప్పేశాను.