సగం నీడలో పండ్ల మొక్కలు: బెంగళూరులో ఎవరికి ఏం కాసింది?

జయనగర్ పెరడు: మా ఇంటికి ఉత్తరాన ఆరడుగుల వెడల్పు నేల ఉంది. తూర్పున పక్క స్థలంలో నాలుగంతస్తుల భవనం లేచినప్పటి నుంచి పొద్దుటి ఎండ పోయింది. అక్కడున్న నిమ్మచెట్టు ఆకులతో నవనవలాడుతోందే గాని, రెండేళ్లుగా ఒక్క పూత కూడా పట్టలేదు. ఇటువంటి చోట నిజంగా కాపు చూసినవారు దయచేసి తమ అనుభవం చెప్పగలరు.

మిద్దెతోట మిత్రుడు: మొక్క కొనేముందు ఎండను కొలవండి. బెంగళూరు దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక, ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అందువల్ల మీ నేలకు మే నెలలో తగిలే ఎండ డిసెంబరులో ఉండదు, అప్పుడు మీ ఇంటి నీడే దాన్ని కప్పేస్తుంది. నేను గంటకొకసారి నీడ అంచున సుద్దముక్కతో గీత గీశాను. మూడు గంటలకు మించి ఎండ పడుతుందనుకున్న మూలలో గంటన్నర కూడా పడటం లేదని అప్పుడే తెలిసింది. నిమ్మ, దానిమ్మ అటువంటి చోట ఆకులకే పరిమితమవుతాయి.

మల్లేశ్వరం గృహిణి: మా ఇంట్లో మూడు గంటల ఎండకే సురినామ్ చెర్రీ కాసింది. చిన్న గుమ్మడికాయలా గాడులు పడిన పండు అది. నారింజ రంగులో ఉండగా కోస్తే జిగురు వాసన వేసి నోట పెట్టలేము. ముదురు ఎరుపుకు తిరిగి, వేలు తగలగానే చేతిలో రాలేదాకా ఆగాలి. ఎండలో ఉన్న చెట్టుతో పోలిస్తే కాపు తక్కువే, కానీ పిల్లలకు సరిపోతుంది. వాక్కాయ కూడా పెట్టాను గాని, పప్పులోకి ఒక్కసారికి సరిపడా కాయలు రావడమే గగనమైంది, ముళ్లు మాత్రం పుష్కలం.

బోరునీటి బాధితుడు: నీడ ఒక్కటే చూసి మిరకిల్ ఫ్రూట్ (తిన్నాక పులుపు కూడా తియ్యగా అనిపించే ఎర్రటి చిన్న పండు), జబుటికాబా (కాండం మీదే నల్లద్రాక్షలా కాసే బ్రెజిల్ పండు) కొనవద్దు. రెండూ పాక్షిక నీడను ఓర్చుకునేవే, కానీ ఆమ్లగుణం ఉన్న మట్టి కోరతాయి. సున్నం ఎక్కువగా ఉన్న మా బోరునీటితో లేతాకులు పసుపుబారి ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలాయి, అంటే వేళ్లు ఇనుమును తీసుకోలేకపోతున్నాయన్నమాట. నర్సరీవారు ఎరువు మీద ఎరువు వేయించారు, లాభం లేకపోయింది. కప్పు మీది వాననీటిని డ్రమ్ములో పట్టి పోయడం మొదలుపెట్టాక వచ్చిన చిగురు పచ్చగా ఉంది. జబుటికాబా ఇంకా కాయలేదు. గింజ నుంచి పెంచితే ఏళ్లు పడుతుందని తెలిసే పెట్టాను.

మిద్దెతోట మిత్రుడు: నీడలో, గాలి ఆడని చోట పిండినల్లి త్వరగా పడుతుంది. కొమ్మల పంగల్లో తెల్లగా కనిపించగానే నీటిధారతో కడిగి, సాయంత్రం వేపనూనె పిచికారీ చేయండి. కాఫీ మొక్క నీడలో హాయిగా పెరుగుతుంది, చిక్కమగళూరు తోటలే సాక్ష్యం. పండు గుజ్జు తియ్యనిదే గాని, అరచెంచా కూడా రాదు.

జయనగర్ పెరడు: అందరికీ ధన్యవాదాలు. ఈ ఆదివారం సుద్దముక్క పట్టుకుంటాను, సురినామ్ చెర్రీ ఒకటి తెస్తాను. నిమ్మచెట్టు తీసేద్దామంటే మా అత్తగారు ఒప్పుకోలేదు. మజ్జిగలోకి ఆ ఆకులే కావాలట.