నాకు బీఆర్‌సీఏ2 (రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పుతో ముడిపడ్డ జీన్)లో వీయూఎస్, అంటే అర్థం తేలని మార్పు వచ్చింది, అమ్మకి ఏ టెస్ట్ చేయించాలి?

మాది వైజాగ్, గాజువాక. నాకు 36 ఏళ్లు, క్యాన్సర్ ఏమీ లేదు. అమ్మకి 51 ఏళ్లప్పుడు అండాశయ క్యాన్సర్ వచ్చింది, హై గ్రేడ్ సీరస్ రకం, ఆపరేషనూ కీమో అయ్యాయి, ఇప్పుడు బాగానే ఉంది. పెద్దమ్మకి 43కే రొమ్ము క్యాన్సర్. అందుకే నేను రక్తం ఇచ్చి జీన్ ప్యానెల్ (ఒకేసారి చాలా జీన్‌లు చూసే టెస్ట్) చేయించుకున్నా.

అలాంటిదే ఇంకో జీన్ బీఆర్‌సీఏ1లో ఏమీ లేదు. బీఆర్‌సీఏ2లో మాత్రం ఒక మిస్సెన్స్ మార్పు (ప్రొటీన్‌లో ఒక అమైనో ఆమ్లం మారేది), హెటిరోజైగస్ (జీన్ రెండు కాపీల్లో ఒకదానిలోనే), క్లాస్ 3, అంటే హానికరమో కాదో ఇంకా తేలనిది. దీన్ని బట్టి చికిత్స నిర్ణయాలు తీసుకోవద్దని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మరి దేన్ని బట్టి తీసుకోవాలో రాయలేదు!

ల్యాబ్‌కి ఫోన్ చేస్తే డాక్టర్‌నే అడగమన్నారు, డాక్టరేమో టెన్షన్ పడకండి, ఏడాది తర్వాత రండి అన్నారు. క్లిన్‌వార్ అనే జీన్ మార్పుల డేటాబేస్‌లో ఆ మార్పు కోడ్ కొట్టి చూశా, అక్కడా తేలలేదనే ఉంది. వీయూఎస్ ఉందని అండాశయాలు తీయించుకోరని చదివి తెలుసుకున్నా, ఆ తొందర నాకూ లేదు. కానీ జబ్బు వచ్చిన మనిషికి ముందు టెస్ట్ చేస్తేనే కుటుంబంలో అసలు కారణం బయటపడే అవకాశం ఎక్కువట. అమ్మకి ఇంతవరకు ఏ జీన్ టెస్టూ చేయలేదు, ఇప్పుడు తను ఒప్పుకుంది.

ల్యాబ్ వాళ్లు నాకొచ్చిన ఆ ఒక్క మార్పే అమ్మలో చూస్తామంటున్నారు, ఖర్చు తక్కువ. కానీ అసలు కారణం నాకు రాని వేరే మార్పు అయితే అది దొరకదు కదా? ఇలాంటి పరిస్థితి చూసినవాళ్లు చెప్పండి: అమ్మకి ఆ ఒక్క మార్పు చూపిస్తే సరిపోతుందా, డిలీషన్‌లు, డూప్లికేషన్‌లతో (జీన్‌లో ముక్కలు పోవడం, రెట్టింపవడం) సహా పూర్తి ప్యానెలే చేయించాలా?