వ్యాయామ విద్యలో మా చెల్లెలు ఏ దారి పట్టాలి?

నమస్కారం. మాది హనుమకొండ. మా చెల్లెలు బీఎస్సీ చివరి సంవత్సరంలో ఉంది. రోజూ తెల్లవారుజామున జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో పరుగెత్తడంతో పాటు, అక్కడికి నడకకు వచ్చే పెద్దవాళ్లకు మోకాళ్ల మీద భారం పడకుండా కూర్చుని లేవడం ఎలాగో ఓపికగా చేసి చూపిస్తుంది; ఆ శ్రద్ధ చూశాకే దీన్ని వృత్తిగా ఎంచుకోమని ప్రోత్సహిస్తున్నాను. పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల బీపీఈడీ (వ్యాయామ విద్యలో డిగ్రీ) చేస్తే బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా చేరే అర్హత వస్తుంది గానీ, ఆమె మనసంతా వృద్ధుల చేత, మధుమేహం ఉన్నవారి చేత వ్యాయామం చేయించడం మీదే ఉంది. ఫిజియోథెరపీ అంటే మళ్లీ డిగ్రీ మొదటి నుంచి చదవాలి, ఇంట్లో అంత వెసులుబాటు లేదు. వ్యాయామ శరీరధర్మశాస్త్రంలో (ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ, అంటే వ్యాయామానికి శరీరం ఎలా స్పందిస్తుందో చెప్పే శాస్త్రం) పీజీ చేసి ఆసుపత్రుల్లోనో వెల్‌నెస్ కేంద్రాల్లోనో పనిచేస్తున్నవారు ఉంటే, బీపీఈడీ లేకుండా ఆ సీటు దొరుకుతుందా, వరంగల్ వంటి ఊళ్లో తొలి ఉద్యోగం ఎక్కడ వెతుక్కోవాలి అన్నది దయచేసి వివరంగా చెప్పండి.