రువాహా సఫారీ: దార్‌కి కొత్తగా వచ్చిన తమ్ముడి ప్రశ్న, మనవాళ్ల జవాబులు

కినోండోని నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. ఈ మధ్యే గుంటూరు నుంచి టాంజానియాలోని దారుస్సలాం వచ్చాను. క్లాస్ బీ పర్మిట్ (ఉద్యోగానికి వచ్చే విదేశీయులకిచ్చేది) మీద ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తున్నాను. ఆగస్టులో అమ్మానాన్న వస్తున్నారు. సెరెంగెటి ఖర్చు చూస్తే కళ్లు తిరిగాయి. ఆఫీసులో ఒకాయన రువాహా నేషనల్ పార్క్‌కి వెళ్లమన్నాడు, అక్కడ జనం తక్కువట. శుక్రవారం డ్యూటీ అయ్యాక నా చిన్న కారు టొయోటా ఐఎస్టీలో బయల్దేరి, రాత్రంతా నడిపి, శని ఆదివారాలు చూసుకుని సోమవారం ఆఫీసు వేళకి వచ్చేద్దామనుకుంటున్నా. కుదురుతుందా? నాన్నకి బీపీ ఉంది. అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

ఉపాంగా నుంచి:

తమ్ముడూ, ముందు ఆ శుక్రవారం రాత్రి సంగతి మర్చిపో. దార్ నుంచి పార్కుకి దగ్గరి పట్నం ఇరింగా దాదాపు 500 కిలోమీటర్లు. మ్యాపులో చూసి ఏడు గంటల్లో పోతాం అనుకుంటారు. పగలే తొమ్మిది, పది గంటలు పడుతుంది. అది జాంబియా, కాంగో వెళ్లే లారీల దారి. ప్రతి ఊళ్లోనూ 50 బోర్డు, బోర్డు దాటగానే తెల్ల యూనిఫాంలో ట్రాఫిక్ పోలీసు. స్పీడ్‌లో దొరికితే 30,000 షిల్లింగుల ఫైన్. కంట్రోల్ నంబర్ ఇస్తారు, ఫోన్లోనే కట్టు, చేతికి డబ్బివ్వకు.

రాత్రి అయితే కథే వేరు. చెడిపోయిన లారీ రోడ్డు మీదే ఆగి ఉంటుంది, వెనక లైటుండదు, గుర్తుగా నాలుగు చెట్టు కొమ్మలు పడేసి ఉంటాయంతే. మొరోగోరో దాటాక హైవే దాదాపు 50 కిలోమీటర్లు మికుమి నేషనల్ పార్క్ మధ్యలోంచే పోతుంది. ఏనుగులు, అడవిదున్నలు అడ్డంగా దాటతాయి. ఏ జంతువుని గుద్దితే ఎన్ని డాలర్లు కట్టాలో పక్కనే బోర్డు పెట్టారు, పగలు పోతూ చదువుకో, రాత్రి బండి తీయాలన్న సరదా తీరిపోతుంది. ఆ తర్వాత కిటోంగా ఘాట్. మలుపులో ఒక్క ట్రక్కు ఆగిందంటే వెనకాల అందరూ ఆగాల్సిందే.

ఐఎస్టీ ఇరింగా దాకా హాయిగా వస్తుంది, అక్కడితో దాని పని అయిపోయింది. ఇరింగా నుంచి పార్కు హెడ్‌క్వార్టర్స్ ఉన్న మ్సెంబే సుమారు 130 కిలోమీటర్లు. తారు వేసే పనులు మొదలయ్యాయి కానీ ఏ ముక్క ఎలా ఉందో ఇరింగా పెట్రోల్ బంకులో అడిగి కదలాలి. లోపల ఇసుక వాగులు దాటాలి. కారు ఇరింగాలో గెస్ట్‌హౌస్‌లో పెట్టి, అక్కడే డ్రైవరుతో సహా ల్యాండ్ క్రూజర్ మాట్లాడుకో. దార్ నుంచే జీపు తీసుకుంటే రోడ్డు మీద గడిపే రెండు రోజులకీ అద్దె కట్టినట్టే.

కారు నడపడం ఇష్టం లేకపోతే ఎస్‌జీఆర్, అంటే కొత్త స్టాండర్డ్ గేజ్ రైలు ఉంది. 2024 నుంచి డొడొమా దాకా నడుస్తోంది. అక్కడి నుంచి మ్తెరా డ్యామ్ మీదుగా ఇరింగాకి 260 కిలోమీటర్లు, మంచి తారు రోడ్డు. పెద్దవాళ్లకి లారీల దారి కంటే ఇదే సుఖం.

ఫీజు సంగతి. నాన్ రెసిడెంట్ పెద్దలకి 24 గంటలకి 30 డాలర్లు, దాని మీద 18 శాతం వ్యాట్. నీ పర్మిట్ కార్డు చూపిస్తే నీకు సగం పడుతుంది, అమ్మానాన్నకి మాత్రం పూర్తి రేటే. కార్డు జిరాక్స్ కాదు, అసలుదే తీసుకెళ్లు. బండికి వేరే, పార్కు లోపల పడుకుంటే రాత్రికి వేరే. ఈ రాత్రి ఫీజు చాలామంది లెక్కలో వేసుకోరు, లాడ్జి చెప్పిన రేటులో అది కలిసిందో లేదో అడుగు. రేట్లు మారుతుంటాయి, వెళ్లే ముందు టానాపా, అంటే టాంజానియా నేషనల్ పార్కుల సంస్థ వాళ్ల తాజా టారిఫ్ చూసుకో.

మసాకి నుంచి:

ఇంత తిప్పలు ఎందుకండీ. మొదటిసారి, పైగా పెద్దవాళ్లతో. రైల్లో మొరోగోరో దిగి, అక్కడ బండి మాట్లాడుకుని మికుమి చూసి వచ్చేయండి. జిరాఫీలు, ఏనుగులు, జీబ్రాలు అన్నీ ఉన్నాయి. అదృష్టం ఉంటే సింహం కూడా. శని ఆదివారాల్లో అయిపోతుంది. రువాహా ఎక్కడికీ పోదు.

ఇరింగా నుంచి:

మసాకి అన్నగారి మాట కొట్టిపారేయను. రెండు రోజులే ఉంటే మికుమి వెళ్లండి. నాలుగైదు రోజులు దొరికితే మాత్రం రువాహా వదలొద్దు.

2008లో ఉసాంగు వైపు భూమి కలిపాక ఇది 20,000 చదరపు కిలోమీటర్లు దాటింది. 2019లో న్యెరేరే పార్క్ వచ్చేదాకా టాంజానియాలో ఇదే పెద్దది. అయినా ఒక పొద్దంతా తిరిగితే ఎదురయ్యే బళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సెరెంగెటిలో ఒక చిరుత చుట్టూ ఇరవై జీపులు మూగుతాయి. ఇక్కడ చిరుత కనపడితే దాన్ని చూసేది మీ జీపే. అలాగే, వెతికే కళ్లు కూడా మీవే. అందుకే గేటు దగ్గర టానాపా గైడుని తీసుకోండి. ఖడ్గమృగం మీద ఆశ పెట్టుకుని మాత్రం రావద్దు. ఇక్కడివి వేటగాళ్ల పాలై దశాబ్దాలైంది.

ఆగస్టు మంచి నెల. జూన్ నుంచి అక్టోబరు దాకా ఎండాకాలమే, గడ్డి ఎండి జంతువులు నీటి దగ్గరికి చేరతాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వానల్లో నల్లరేగడిలో బండి దిగబడితే బయటికి లాగేవాడు కూడా దొరకడు.

మ్సెంబే నుంచి మ్వాగుసి ఇసుక వాగు వైపు పొద్దున్నే వెళ్లండి. వాగులో చుక్క నీరు కనపడదు. ఏనుగు వచ్చి ముందుకాలితో ఇసుక తన్ని, తొండంతో తోడి, వేసవిలో పెన్నలో మనవాళ్లు చెలమ తవ్వినట్టు తవ్వుతుంది. మొదట ఊరిన బురద నీటిని పక్కకి చిమ్మేస్తుంది. తేటనీరు ఊరేదాకా నిలబడి, అప్పుడు తాగుతుంది. అది పక్కకి జరగ్గానే బబూన్లు, జీబ్రాలు వంతుల వారీగా ఆ గుంట దగ్గరికి వస్తాయి. సింహాలకి కూడా ఈ సంగతి తెలుసు, గట్టు మీద పొద నీడలో కాచుకుని ఉంటాయి. ఇంజిన్ ఆపి ఒక్కచోటే గంటసేపు కూర్చోండి. తిరుగుతూనే ఉండమని డ్రైవరుని తొందరపెడితే ఇది కనపడదు.

గ్రేట్ రువాహా నది ఒకప్పుడు ఏడాది పొడుగునా పారేది. 1993 నుంచి ఎండాకాలంలో ఆగిపోతోంది. ఎగువన ఉసాంగు మైదానంలో వరి సాగుకి నీళ్లు మళ్లించడం పెద్ద కారణం. దార్‌లో మనం ఏరికోరి కొనే మ్బేయా బియ్యంలో ఆ పొలాలవీ ఉంటాయి. ఏనుగు ఇసుక తవ్వుతుంటే నాకు మాత్రం అన్నం గిన్నె గుర్తొస్తుంది, ఏం చేస్తాం.

బాబాబ్ చెట్ల మొదళ్లు చూడండి, గుహల్లా తొలిచేసి ఉంటాయి. ఎండాకాలంలో తడి కోసం ఏనుగులు దంతాలతో బెరడు చీల్చి నములుతాయి. గోల్కొండ నయా ఖిల్లాలో హాథియాన్ కా ఝాడ్ అని లావుపాటి చెట్టు ఉంది కదా, అదీ ఈ జాతే, ఆఫ్రికా వైపు నుంచి వచ్చిందే. దాని జోలికి వచ్చే ఏనుగులు లేవు గనక ఒళ్లు నున్నగా ఉంది.

ఎంబేజీ బీచ్ నుంచి:

బాబూ, అమ్మగారి తిండి గురించి బెంగ పెట్టుకోకు. దారిలో ఎక్కడాగినా వలి నా మహారాగే, అంటే అన్నం, బీన్స్ కూర దొరుకుతుంది. మాంసం పులుసు పైన పొయ్యొద్దని ముందే చెప్పు, లేకపోతే రుచికని ఒక గరిటె వేసేస్తారు. ఇరింగాలో నీమా క్రాఫ్ట్స్ కెఫేలో కూర్చోవచ్చు, వికలాంగులు నడిపే శుభ్రమైన చోటు. మ్సెంబేలో నది ఒడ్డున టానాపా బండాలు ఉన్నాయి, అంటే చిన్న కాటేజీలు. సరుకు మనం తీసుకెళ్తే వండుకునే వీలుంటుంది. దార్‌లోనే కిసుటు మార్కెట్‌లో కందిపప్పు, పచ్చిమిర్చి, పెరుగు కొనుక్కుని పో. ఉల్లిపాయలు మాత్రం దారిలో రువాహా మ్బుయునిలో కొను, రోడ్డు పక్కనే రాశులు పోసి అమ్ముతారు. ప్లాస్టిక్ కవర్లు 2019 జూన్ నుంచి నిషేధం, గుంటూరు నుంచి వచ్చే సూట్‌కేసులో కూడా ఉండకూడదని అమ్మగారికి ఇప్పుడే చెప్పు. ఆవకాయ సీసాకి గుడ్డ కట్టమను.

పళ్లు, ముఖ్యంగా నారింజ, మామిడి, గదిలో గానీ జీపులో గానీ రాత్రి ఉంచొద్దు. ఏనుగుకి ఆ వాసన ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది, కారు తలుపు దానికి లెక్క కాదు. పగలు కోతుల బెడద. బండాలకి కంచె ఉండదు, చీకటి పడ్డాక బయట అడుగు పెట్టాలంటే రేంజరుని పిలవండి. నాన్నగారికి ఇది గట్టిగా చెప్పు, మన మగవాళ్లకి భోజనం అయ్యాక నాలుగడుగులు వేసే అలవాటు.

ట్సెట్సీ ఈగలు ఉంటాయి. జీన్స్ మీద నుంచి కూడా కుడతాయి. నలుపు, ముదురు నీలం బట్టలు వాటికి మహా ఇష్టం, వాటిని పట్టే ఉచ్చులు కూడా ఆ రంగుల్లోనే కడతారు. లేత ఖాకీ, గోధుమరంగు వేసుకోండి. ఈగలు ఎక్కువగా ఉండే చోటు వచ్చినప్పుడు ఉక్కపోసినా సరే అద్దాలు ఎత్తెయ్యండి. ఇరింగా 1,600 మీటర్ల ఎత్తు, ఆగస్టు రాత్రి వణుకు పుడుతుంది. స్వెట్టర్లు ఉండాలి.

మలేరియా మాత్రలు బయల్దేరే ముందే డాక్టరుని అడిగి మొదలుపెట్టించు. నాన్నగారు వాడే బీపీ మాత్రల పేర్లు చూపించి, ఏది పడుతుందో డాక్టరునే చెప్పమను. మనకి దోమలు కొత్తా అని పెద్దవాళ్లు కొట్టిపారేస్తారు, కానీ ఇక్కడిది ఎక్కువగా ఫాల్సిపారం, మెదడుకెక్కే రకం. గుంటూరు వెళ్లిన కొన్ని వారాలకి జ్వరం వచ్చినా సరే, ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టరుకి మొదటి మాటగా చెప్పాలి. బీపీ మందులు చేతిసంచిలో పెట్టండి, డిక్కీలో కాదు.

కినోండోని నుంచి:

అక్కా, అన్నయ్యలూ, చాలా థాంక్స్. రాత్రి డ్రైవింగ్ మానేశాను. ఒక డౌటు: చిన్న విమానం ఉందంటున్నారు కదా, నాన్న కోసం అది మేలా? అక్కడేదైనా అయితే ఆసుపత్రికి ఎలా?

ఉపాంగా నుంచి:

విమానం ఉంది. దార్ నుంచి మ్సెంబే ఎయిర్‌స్ట్రిప్‌కి డజను మంది పట్టే సెస్నా. ఒక్కోసారి మధ్యలో న్యెరేరే పార్క్‌లో దిగి జనాన్ని ఎక్కించుకుంటుంది. మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. మన చక్రాల సూట్‌కేసు ఎక్కనివ్వరు. పైగా దిగాక జీపు లాడ్జి వాళ్లదే కావాలి, అక్కడే బిల్లు పెరుగుతుంది. ముగ్గురికి లెక్క వేస్తే డొడొమా రైలు, ఇరింగా జీపు చాలా చవక. డబ్బుకి ఇబ్బంది లేకపోతే విమానమే మేలు.

ఆసుపత్రి అంటే ఇరింగానే, మూడు గంటల దూరం. అందుకని ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ వాళ్ల మైషా సభ్యత్వం ముగ్గురికీ తీసుకో. అత్యవసరమైతే నైరోబీ నుంచి విమానం పంపి తీసుకెళ్తారు. నాన్నగారి వయసుకి, బీపీకి వర్తిస్తుందో లేదో కట్టే ముందే రాతపూర్వకంగా అడుగు.

ఆగస్టు 8 నానే నానే, అంటే ఇక్కడి రైతుల పండగ సెలవు, దానికి లీవు కలుపుకో. మొదటి రోజు ఇరింగా చేరి పడుకోండి. రెండో రోజు తెల్లారి బయల్దేరి మధ్యాహ్నానికి పార్కులో ఉండండి. లోపల మూడు రాత్రులు. ఐదో రోజు ఇరింగా, ఆరో రోజు ఇల్లు. డబ్బు చాలకపోతే లాడ్జి మానేసి బండాలకి దిగు, రాత్రులు మాత్రం తగ్గించకు. డీజిల్, ఏటీఎం రెండూ ఇరింగాలోనే ముగించాలి. సాయంత్రం ఆరింటికల్లా బసకి చేరిపోవాలి, చీకట్లో పార్కులో తిరగనివ్వరు. డ్రైవరుతో టైము మాట్లాడేటప్పుడు జాగ్రత్త, ఇక్కడి గడియారం మనకి ఆరు గంటలు తేడా. పొద్దున్న ఒంటిగంటకి రమ్మన్నాడంటే ఏడింటికని అర్థం.

బండాలు ఆగస్టులో త్వరగా నిండిపోతాయి. రేపే టానాపాకి మెయిల్ పెట్టు. లీవు దొరికిందో లేదో ఇక్కడ రాయి, ఇరింగాలో నమ్మకమైన డ్రైవరు నంబరు విడిగా పంపిస్తాను.