అప్‌డేట్: ఆడవారి హార్మోన్లు, మెదడుపై మద్యం ప్రభావం గురించి నేనడిగిన ప్రశ్న

నెలసరికి ముందు వారంలో రెండు గ్లాసుల వైన్‌కే మత్తు ఎక్కువగా అనిపించడానికి హార్మోన్లే కారణమా అని ఇదివరకు అడిగాను. మీ సలహా మేరకు మూడు నెలసరుల పాటు తాగిన మోతాదు, నిద్ర, మనఃస్థితి రాసుకుంటూ, దొరికిన పరిశోధనలు చదివాను.

నా అనుమానం సగమే నిజమని తేలింది. రక్తంలో ఆల్కహాల్ స్థాయి నెలసరి దశను బట్టి స్థిరంగా మారుతుందని అధ్యయనాలు చూపలేదు. అయితే, ఆడవారి శరీరంలో నీటి శాతం సగటున తక్కువ కాబట్టి, ఒకే బరువున్నా, ఒకే మోతాదు తాగినా మగవారికంటే వారి రక్తంలో ఆ స్థాయి ఎక్కువగా ఉంటుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈస్ట్రోజన్ సంగతి. ఆ హార్మోన్ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆడ ఎలుకలు, ముఖ్యంగా మొదటి అరగంటలో, ఎక్కువ మద్యం తాగాయని 2024లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. (ఎలుకల ఫలితాన్ని మనకు యథాతథంగా అన్వయించలేమనుకోండి.) పైగా మద్యం తనవంతుగా ఈస్ట్రోజన్‌ను పెంచగలదు, రొమ్ము క్యాన్సర్ ముప్పును మద్యం పెంచడానికి గల కారణాల్లో దీన్నీ ఒకటిగా భావిస్తారు.

నా నోట్‌బుక్‌లో మాత్రం నెలసరికంటే నిద్రే కొట్టొచ్చినట్టు కనిపించింది: తాగిన దాదాపు ప్రతి రాత్రీ మూడింటికి మెలకువ. మొదట నిద్రపుచ్చే మద్యమే రాత్రి రెండో సగంలో దాన్ని చెదరగొడుతుందట. ప్రస్తుతానికి పూర్తిగా మానేసి, రాసుకోవడం కొనసాగిస్తున్నాను.