20 సెంట్లలో 10,000 మొక్కల నర్సరీ: ఫిబ్రవరిలో మొదలుపెట్టొచ్చా?

కదిరి పిల్లోడు:

అందరికీ నమస్తే. మాది కదిరి పక్కన పల్లె. బోరు దగ్గర 20 సెంట్లు ఖాళీగా ఉంది. వేరుశనగ వేసి వేసి విసిగిపోయినాం, ఈసారి నాయన కూడా సరే అన్నాడు. వేప, కానుగ, చింత, ఎర్రచందనం కలిపి 10,000 మొక్కలు కవర్లలో పెంచి, వానలు పడినాక అమ్మాలని ఆలోచన.

విత్తనాల అంగట్లో 5 కిలోల వేప విత్తనం ఉంది. పోయిన ఏడాదిదే, బాగా మొలుస్తుందంటున్నాడు. తీసుకోవచ్చా? కవర్లు ఏ సైజు? మన్ను ఎంత పడుతుంది? బోరు నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటాయి. ఎర్రచందనం ఒక్కటే పెట్టు, కోట్లు వస్తాయని మా మామ ఒకటే పోరు. తెలిసినోళ్ళు చెప్పండి.

పులంక బాబాయ్:

బాబూ, ముందు ఆ వేప విత్తనం కొనకండి. వేపపండు రాలేది జూన్, జూలైల్లో. రాలిన రెండు మూడు వారాల్లోపు గింజ మట్టిలో పడాలండి. ఆ తర్వాత రోజురోజుకీ మొలక చచ్చిపోతూ ఉంటుంది. ఫిబ్రవరి దాకా ఉన్న గింజ గానుగకి పనికొస్తుంది గానీ నర్సరీకి కాదు.

ఇంకో మాట. మా కడియం చుట్టుపక్కల పూలమొక్కలు, అంటుమొక్కలు లారీలకెత్తి రాష్ట్రాలు దాటిస్తారు. అలాంటివి మీరు పెట్టుకుని మాతో పోటీ పడలేరు. మీ ఎండకి, మీ నేలకి తట్టుకునే చెట్టు మొక్కలైతే మీ దగ్గరే కొంటారు. కొనేవాడెవరో చూసుకుని, ఆ తర్వాతే కవర్లు కొనండి.

పాలమూరు అక్క:

తమ్ముడూ, బాబాయ్ చెప్పిన ఆ వేప తప్పు నేను చేసిన. 2018ల మొదలుపెట్టినప్పుడు గింజలు ఏరి, కడిగి, ఆరబెట్టి, ప్లాస్టిక్ కవర్ల మూటగట్టి అటక మీద పెట్టిన. సంక్రాంతి పోయినంక తీసి పెడితే 2,000 కవర్లల్ల ఒక్కటంటే ఒక్కటి మొలవలే. నెల దినాలు ఉత్త మట్టికి నీళ్ళు పోసిన. ఇప్పుడైతే పండు రాలిన వారంలనే గుజ్జు కడిగి, నీడల ఆరబెట్టి పెట్టేస్త. ఆ మొక్క అమ్ముడుపోయేది మల్ల వచ్చే ఏడు వానలకు. వేప అంటే ఏడాది పెట్టుబడి, అది మనసుల పెట్టుకో.

ఇప్పుడు నీ చేతిల ఉన్నది చింత, కానుగ. ఇంటింట చింతపండు కొట్టే కాలం, గింజలు ఊరికె ఇస్తరు. రాత్రి నానేసి పొద్దున పెట్టు. కానుగ కాయ చెట్ల కిందనే దొరుకుతది, పైన పెంకు ఒలిచి గింజ మందమంత లోతుల పెట్టు, పది పదిహేను రోజులల్ల లేస్తది. ఈ రెండూ వానలకు జానెడు పైకి వస్తయి.

హరితహారం నర్సరీల నేను రెండేండ్లు కూలికి కవర్లు నింపిన, అందుకే లెక్క నోటికుంది. 5×9 అంగుళాల కవర్లు, మందం 150 గేజ్, కిలోకు 500 దగ్గర వస్తయి. ఒక్కోదానికి లీటరు మట్టి పడతది. నీ పది వేలకు నాలుగు ట్రాక్టర్లు అనుకో, రెండు ఎర్రమట్టి, ఒకటి ఇసుక, ఒకటి మాగిన పెంట. నేను మొదటి ఏడు సగం మాగిన పెంట తెచ్చిన. కవర్లల్ల వేడి పుట్టి వేర్లు మాడినయి, పైంగ చెదలు. పెంట చేతిల పిసికితే టీపొడి లెక్క రాలాలె, వాసన రావొద్దు. మట్టి కొంచెం తడి మీద ఉన్నప్పుడే నింపాలె, నేలకు రెండుసార్లు తట్టాలె. పొడి మట్టితోని నింపిన కవరు నడుముల మడత పడతది, ఆ మడత కిందికి నీళ్ళు దిగవు. కూలోళ్ళు కవరు లెక్కన పైసలు తీసుకుంటరు కాబట్టి తొందర పడతరు. నేను తీసుకున్నప్పుడు నేనూ అట్లనే చేసిన, నవ్వకు.

20 సెంట్లు నీకు అక్కరలేదు. మీటరు వెడల్పు, 10 మీటర్ల పొడుగు ఉన్న బెడ్డుల 1,500 కవర్లు పడతయి. పది వేలకు ఏడు బెడ్లు. నడిచే దారులు కలిపినా నాలుగు సెంట్లు దాటదు. వెడల్పు మాత్రం పెంచకు, నడుమల చెయ్యి అందదు, కలుపు తీయలేవు.

అయినా పది వేలు ఎందుకు? 3,000తోని మొదలుపెట్టు. మా దగ్గర పంచాయతీ నర్సరీలు వచ్చినంక చిన్న మొక్క ఊరికె దొరుకుతుంది. నేను 5×9 కవరుల కానుగ తీసుకొని సంతకు పోతే, "సర్పంచ్ ఊరికె ఇస్తుండు గద" అన్నరు. 4,000 మొక్కలు మిగిలిపోయినయి. ఏడ్చుకుంట సగం మొక్కలను 8×12 కవర్లల్లకు మార్చిన. మల్ల ఏడు అవే ఐదారు అడుగులయినయి. స్కూలోళ్ళు, ప్లాట్లు వేసేటోళ్ళు, మామిడితోట గట్టు మీద గాలికి అడ్డం పెట్టుకునేటోళ్ళు వచ్చి ఏరుకొని పోయిండ్రు. మేక మూతికి అందని మొక్క కావాలె వాళ్ళకు. అప్పటి సంది నా యాపారం పెద్ద మొక్కలదే.

మార్చేటప్పుడు ఆలస్యం చేయకు. ఐదారు నెలలు దాటితే వేరు కవరు అడుగున గుండ్రంగ చుట్టుకుంటది. అట్ల చుట్టుకున్న మొక్క పైకి బాగనే కనిపిస్తది, నేలల పెట్టినంక నాలుగేండ్లకు గాలికి ఒరుగుతది. తిట్లు మనకే.

ఇంకొకటి, రెండు నెలలకోసారి ప్రతి కవరును లేపి పక్కకు జరపాలె. నేను ఒక వానాకాలం జరపలే, ఇంట్ల ఆడబిడ్డ పెండ్లి. వేర్లు కవరు చీల్చి భూమిల దిగినయి. లేపితే పట్ పట్ మని తెగినయి, వారంల 600 మొక్కలు ఎండిపోయినయి. జరిపినప్పుడే పొడుగువి ఒక దిక్కు, పొట్టివి ఒక దిక్కు పెట్టు. లేకపోతే పెద్దవి నీడవేసి చిన్నవాటిని తినేస్తయి.

కదిరి పిల్లోడు:

అక్కా, నువ్వు చెప్పిందంతా రాత్రి నాయనకు చదివి వినిపించినా. నాలుగు సెంట్లు చాలంటే నమ్మలేదు, పొద్దున్నే తాడు పట్టుకొని కొలిచినాడు. వేప విత్తనం వద్దని చెప్పేసినా, అంగడాయన మొహం మాడ్చుకున్నాడు. షేడ్ నెట్ వేయాల్నా? మా ఉప్పునీళ్ళ సంగతి? మామ మాత్రం ఎర్రచందనం వదల్లేదు.

శేషాచలం నీడ:

ఎర్రచందనం గురించి నేను చెప్తా, మాది రాజంపేట వైపు. ఆ చెట్టు పుట్టిందే మా కొండల్లో. నర్సరీలో మొక్క పెంచి అమ్మడం వేరు, చెట్టు పెంచి కోట్లు చూడడం వేరు. ధర పలికేది లోపలి ఎర్రటి చేవకే, అది కట్టడానికి పాతికేళ్ళ పైనే పడుతుంది. నీ పొలంలో చెట్టయినా కొట్టాలన్నా, తోలాలన్నా అటవీ శాఖ అనుమతి కావాల్సిందే. మీ మామకు ఈ రెండు ముక్కలూ చెప్పు.

మొక్కలే అమ్ముతానంటే కాయకుండే రెక్క చుట్టూ కత్తిరించి, రెండు మూడు రోజులు పేడనీళ్ళలో నానేసి, ఇసుక మడిలో పెట్టు. అన్నీ ఒకేసారి లేవవు. కొన్ని రెండు వారాలకు, కొన్ని నెలకు. నాకైతే నూటికి నలభై దాటింది లేదు. అందుకే నేరుగా కవర్లో పెట్టొద్దు, సగానికి పైగా కవర్లు ఉత్తవే నిలబడతాయి. రెండు ఆకులు రాగానే మడి నుంచి కవర్లోకి మార్చు, సాయంత్రం పూట.

పాలమూరు అక్క:

నెట్ కావాలె, సగం ఎండను ఆపే 50 శాతందే తీసుకో. అంతకన్న మందం వద్దు. మొదటి ఏడు మంచిదని 75ది వేసిన, పొద్దుమూకి నీళ్ళు కొట్టిన. రాత్రంతా తడి ఆరలే. పొద్దుగాల చూస్తే చింత నారు కాడ నేల దగ్గర సన్నబడి దారం లెక్క వంగిపోయింది. నారుకుళ్ళు అంటరు దాన్ని. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్ళల్ల పోసిన, పోయినయి పోంగ మిగిలినయి నిలబడ్డయి. మందు కంటె ముఖ్యం నీళ్ళు పొద్దుగాల పోయడం, వేలు మట్టిల పెట్టి చూసి పోయడం. ఆకులు నాలుగైదు వచ్చినంక నెట్ కొంచెం కొంచెం తీసెయ్. అమ్మే నెల ముందు సంది పూర్తి ఎండల పెట్టి, నీళ్ళు తగ్గియ్. నీడల పెరిగిన మొక్క రైతు పొలంల మూడు రోజులు కూడ ఉండదు.

ఉప్పునీళ్ళయితే మట్టి కంటె ముందు నీళ్ళ పరీక్ష చేయించు. ఆకు అంచులు గోధుమరంగుకు మాడుతుంటే అది ఎండదెబ్బ అనుకోకు, నీళ్ళ తప్పు. కవరు అడుగుబొక్కలల్ల నుంచి నీళ్ళు కారేటట్టు వారానికోసారి నిండ పోస్తే ఉప్పు కొంత కడుక్కపోతది. వాననీళ్ళు పట్టే తొట్టి ఒకటి కట్టుకో. చింత, కానుగ కొంచెం ఉప్పు ఓర్చుకుంటయి గాని మొలక మీద ఉన్నప్పుడు ఏదీ ఓర్వదు.

కదిరి పిల్లోడు:

సరే అక్కా. చింత 1,500, కానుగ 1,500తో మొదలు. ఎర్రచందనం మామ పేరు మీద 100 కవర్లు, నీళ్ళు కూడా ఆయనే పోయాలని షరతు. చివరిగా ఒకటి, మాకు మేకలు ఉన్నాయి. కంచె ఇప్పుడే వేయాల్నా, మొక్కలు లేచినాక వేస్తే చాలునా?

పాలమూరు అక్క:

కవర్లు నింపక ముందే వెయ్యి. కానుగ చేదు, మేకలు అంతగ ముట్టవు. చింత మాత్రం వదలవు. మా ఇంట్లయితే మేకల కన్న మా అత్తతోనే భయం, పప్పుల వేస్తనని చింతచిగురు గిల్లుకుంట ఒక బెడ్డు మొత్తం తిరిగొచ్చింది.